పాట పుట్టిన వీధికి దారేది?

ఊరు చూడ్డానికి చుట్టాలొస్తే మనమేం చూపిస్తాం? ముందు గుడి చూపిస్తాం. తర్వాత బట్టల కొట్టు చూపిస్తాం. మా నెల్లూరైతే రంగనాయకులస్వామి గుడి, ఆ పక్కన పెన్న, ఓ సాయంత్రం మైపాడు సముద్రం, తిరిగొచ్చేటప్పుడు చేతిలో మలై కాజా పొట్లం. రెండు పూటల్లో ఊరైపోతుంది. మూడోపూట భోజనం పెట్టి రైలెక్కిస్తాం. కాపురానికొచ్చి నలభై ఏళ్ళయినా నేనూ చేసింది ఇదే. ఇందులో సిగ్గుపడాల్సిందేదో ఉందని నాకు తోచనేలేదు. ఇంగ్లండులో లివర్‌పూల్ వెళ్ళొచ్చాక తోచింది.

లివర్‌పూల్‌కి నేను సంగీతం కోసం వెళ్ళలేదు. మా అమ్మాయికి పురుడు పొయ్యడానికి వెళ్ళాను. పసివాడికి మూడో నెల వచ్చాక ఓ ఆదివారం పొద్దున, "అమ్మా, వచ్చిన దగ్గర్నించీ వంటింట్లోనే ఉంటున్నావు. ఇవాళ నీకు బీటిల్స్ ఊరు చూపించడానికి టాక్సీ మాట్లాడాం. నడిపేవాళ్ళే గైడు కూడాను" అంది. బీటిల్స్ అంటే నాకు తెలిసిందల్లా నలుగురు కుర్రాళ్ళూ, నుదుటి మీదికి పడే జుట్టూను. మా అన్నయ్య కాలేజీలో ఉండగా అలాంటి జుట్టు పెంచుకొస్తే మా నాన్న ఒక్క మాటా అనకుండా మంగలికి కబురు పంపారు. రాక్ సంగీతం గురించి మా ఇంట్లో జరిగిన చర్చ అంతే. మావారైతే ఆ సంగీతం బిందెలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంటుందంటారు. ఆయన్ని పసివాడి దగ్గర కాపలా పెట్టి తల్లీ కూతుళ్ళం బయల్దేరాం.

టాక్సీ నడిపే మనిషి అరవై దాటిన ఆడమనిషి. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిందట. ఏ పెద్ద భవనమో, బంగారు పతకాలు తగిలించిన హాలో చూపిస్తుందనుకున్నాను. ఆవిడ తీసికెళ్ళి ఓ మామూలు వీధిలో, వరసగా అతుక్కున్న సర్కారువారి ఇళ్ళ ముందు ఆపింది. ఫోర్త్‌లిన్ రోడ్డు, 20వ నంబరు ఇల్లు. పాల్ మకార్ట్నీ కుర్రతనంలో ఉన్న ఇల్లు. మన మునిసిపల్ క్వార్టర్సుకి ఎక్కువా కాదు, తక్కువా కాదు. తల్లి మేరీ నర్సుట. ఆ ఇంట్లో చేరిన మరుసటేడే, 1956లో, పద్నాలుగేళ్ళ పిల్లాణ్ణి వదిలి పోయిందట. అది చెప్పేటప్పుడు గైడు గొంతు తగ్గించింది, ఎవరో తనకి తెలిసిన ఇల్లాలి మాట చెబుతున్నట్టు.

అక్కణ్ణించి జాన్ లెనన్ పెరిగిన ఇల్లు. పెంచింది తల్లి కాదు, పెద్దమ్మ మిమీ. గిటారు వాయిస్తే అన్నం పెట్టదని ఆవిడ నమ్మకం. నమ్మకమే కాదు, ఆ గోల ఇంట్లో పడలేక పిల్లాణ్ణి వాకిట్లో ముందు వసారాలోకి తరిమేది. ఆ వసారాలోనే ఆ కుర్రాళ్ళిద్దరూ పాటలు కట్టుకునేవారు. కన్నతల్లి జూలియా కాస్త దూరంలో వేరే కాపురం. పిల్లాడికి బాంజో తంత్రుల మీద మొదటి పాఠం చెప్పింది ఆవిడే. 1958లో అక్కగారింటికొచ్చి తిరిగి వెళుతూ, ఆ వీధి మలుపులోనే కారు గుద్ది పోయింది. ఆ తర్వాత చర్చి దగ్గర ఆపి, 1957 జూలై 6న ఇక్కడ జరిగిన చర్చివారి తిరునాళ్ళలోనే ఆ ఇద్దరూ మొదటిసారి కలుసుకున్నారని చెప్పింది.

నేను ఊళ్ళో రాక్ సంగీతం చూడ్డానికి బయల్దేరాను. తీరా చూసింది ఒక నర్సమ్మ ఇల్లు, ఒక పెద్దమ్మ వసారా, ఒక తల్లి ప్రాణం పోయిన మలుపు, ఒక చర్చి పెరడు. పాట ఎక్కణ్ణించి వస్తుందయ్యా అంటే వేదిక మీంచి కాదు, ఇలాంటి చోట్లనించి వస్తుందని అరవై దాటిన ఆ టాక్సీ మనిషి నాకు చెప్పకుండానే చెప్పింది.

వాళ్ళు మనకంటే పుట్టుకతో తెలివైనవాళ్ళని నేను అనడం లేదు. వాళ్ళూ పాడుచేసుకున్నవాళ్ళే. బీటిల్స్ పేరు తెచ్చుకున్న కావెర్న్ అనే నేలమాళిగ క్లబ్బుని 1973లో మూసి, పూడ్చేశారు. తర్వాత నాలిక కరుచుకుని, 1984లో ఆ పాత ఇటుకలు దొరికినన్ని వాడి అదే వీధిలో మళ్ళీ కట్టుకున్నారు. గైడు ఆ మాట దాచలేదు. "ఇది అసలుది కాదు, మేం చేసిన తప్పుకి ప్రాయశ్చిత్తం" అన్నట్టు చెప్పింది. అందుకే గదా, ఆ ఇళ్ళు రెండూ ఇప్పుడు నేషనల్ ట్రస్టు అనే సంస్థ చేతిలో ఉన్నాయి. పాల్ ఉన్న ఇంటిని 1995లో కొన్నారు. జాన్ ఇంటిని అతని భార్య యోకో ఓనో కొని 2002లో వాళ్ళకిచ్చేసింది. ముందుగా చెప్పుకున్న కొద్దిమందినే చిన్న బస్సులో తీసికెళ్ళి లోపల చూపిస్తారు. లోపల ఫొటోలు తియ్యనివ్వరు. చూడొచ్చు గానీ ఎగబడకూడదన్నమాట.

మరుసటేడు సంక్రాంతికి మా అమ్మాయి వచ్చింది. వెంట ఆఫీసులో తనతో పనిచేసే ఓ ఇంగ్లీషు పిల్లని తీసుకొచ్చింది. మా అమ్మాయి ఏం చెప్పి తెచ్చిందో, ఆ పిల్ల కాఫీ తాగి గ్లాసు కింద పెట్టకముందే అడిగింది: "మీ ఊరి గాయకుడి ఇల్లు చూస్తాను. అంత గొప్ప గాయకుడి ఊళ్ళో ఉంటున్నారటగా మీరు!"

నాకు గుండె గతుక్కుమంది. ఉంటున్నాను. ఆయన పాట వినకుండా నిద్రపోయిన రాత్రి లేదు. "బాలు మావాడు" అని పక్క జిల్లావాళ్ళతో తగవు పెట్టుకున్నదాన్ని. వీధి పేరు తెలుసు, తిప్పరాజువారి వీధి. కానీ ఒక్కనాడైనా ఆ వీధికెళ్ళి నిలబడి చూశానా? లేదు. ట్రంకు రోడ్డులో చీరల కొట్లన్నీ కళ్ళు మూసుకుని చెబుతాను!

వీఆర్సీ సెంటర్లో ఆటో పిలిచాం. "బాలుగారి ఇల్లేగదమ్మా, నాకెందుకు తెలీదు, ఎక్కండి. ఊరంతా జూపిస్తా" అన్నాడు కుర్రాడు. హమ్మయ్య, మాకూ ఒక సొంత గైడు దొరికాడనుకున్నాను. వీధి మొదట్లోకి రాగానే మొదలుపెట్టాడు: "ఆయన పుట్టింది ఇక్కణ్ణేమ్మా. చిన్నప్పుడు ఈ ఈదిలోనే బడికి బొయ్యేవోడంట." నేనుండబట్టలేకపోయాను. "నాయనా, ఆయన 1946 జూన్ 4న కోనేటమ్మపేటలో పుట్టాడు. అది ఇప్పుడు తమిళనాడులో తిరువళ్ళూరు జిల్లా. ఇది వాళ్ళ అమ్మానాన్నల ఇల్లు" అన్నాను. "ఏందోమ్మా, చెప్పేవోళ్ళు లేరు గదా. నేనేదో నాకు తోచింది చెప్తుంటా" అన్నాడు ఆ కుర్రాడు, ఏమీ నొచ్చుకోకుండా. ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. తప్పు ఆ కుర్రాడిదా? ఆటో తోలేవాడికి తోచిందే చరిత్రగా మిగిలేట్టు నోరు మూసుకుని కూర్చున్న మనది కాదూ?

ఆ వీధిలోనే ఓ అరుగు మీద ఓ పెద్దావిడ కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పలకరిస్తే పక్కన చోటిచ్చింది. హరికథ అంటే ఈ ఊళ్ళో ఎలా ఉండేదో చెప్పింది. పెందరాళే వంటలు ముగించి, పిల్లలకి దిష్టి తీసి, చాపలూ విసనకర్రలూ పట్టుకుని ఆడవాళ్ళు ముందు వరసలో చోటు పట్టుకునేవారట. దాసుగారి కాలి గజ్జె మోగగానే చంకలో పిల్ల ఏడుపు మానేదట. ఏ పాట ఏ ఇంట్లో రేడియోలో ముందు వినిపించేదో, ఏ కోడలు ఏ పాటకి కళ్ళు తుడుచుకునేదో, అన్నీ ఆవిడకి తెలుసు. ఇంగ్లీషు పిల్లకి మా అమ్మాయి ఒక్కొక్క మాటా చెబుతోంటే ఆ పిల్ల ఆటోలో ఉన్నంతసేపూ తియ్యని పుస్తకం అక్కడ తీసి రాసుకుంది. నేను రాసుకోలేదు. మన ఊరే కదా, మళ్ళీ వద్దాంలే అనుకున్నాను.

రెండు నెలలకి వెళ్ళాను. ఆవిణ్ణి కొడుకు బెంగుళూరు తీసికెళ్ళిపోయాడట. ఆ ఇల్లు అపార్టుమెంట్ల వాళ్ళకిచ్చేశారట. అరుగు మీద సిమెంటు బస్తాలు పేర్చి ఉన్నాయి.

ఇక నా కోపం చెబుతాను, వినండి.

మనకి పెద్దవాళ్ళని గౌరవించడం ఒక్కటే రకంగా తెలుసు. విగ్రహం పెట్టడం, ఏడాదికో పూట దండ వెయ్యడం, దండ వేసిన పెద్దమనిషి బొమ్మ ఫ్లెక్సీ మీద విగ్రహం కంటే పెద్దగా వేసుకోవడం. బాలు పాడింది నలభై వేల పాటలా, అంతకు మించా అని గంటల తరబడి వాదిస్తాం. జాతీయ బహుమతులు ఆరని వేళ్ళు మడుస్తాం. ఆయన పోయాక 2020లోనే ప్రభుత్వం మా ఊరి సంగీత నృత్య పాఠశాలకి ఆయన పేరు పెట్టింది. సంతోషం. కానీ పేరు పెట్టడంతో మన పని అయిపోయిందా? పేరు తలుపు మీద ఉంటుంది. పాట ఎలా వచ్చిందన్న కథ తలుపు మీద ఉండదు. అది చెప్పే మనిషుండాలి.

"ఆ ఇంటిని వేదపాఠశాలకి ఇచ్చేశారు కదా, ఇంక చూడ్డానికేముంది?" అంటారు. అవును, 2020 ఫిబ్రవరిలో బాలుగారే తన చేతులతో ఆ ఇంటిని కంచి కామకోటి పీఠానికి ఇచ్చారు. అంతకు ఏడాది ముందే, 2019 ఫిబ్రవరిలో, తల్లి శకుంతలమ్మగారు పోయారు. ఇచ్చిన ఏడు నెలలకి, సెప్టెంబరు 25న ఆయనా పోయారు. నన్నడిగితే తాళం వేసిన మ్యూజియం కంటే అదే మేలు. తండ్రి సాంబమూర్తిగారు హరికథలు చెప్పినవారు. ఆ ఇంట్లో పిల్లలు గొంతెత్తి స్వరం తప్పకుండా చదువుకుంటున్నారంటే ఇల్లు ఇంకా మాట్లాడుతోందన్నమాటే. నేను లోపలికి జొరబడి పిల్లల చదువు చెడగొట్టమనడం లేదు. వీధిలో నిలబడి, "ఇదుగో, ఒక హరికథకుడి కొడుకు, ఇంజనీరు కావలసినవాడు, పాటగాడయ్యాడు. అమ్మానాన్నల ఇల్లు చదువుకిచ్చి వెళ్ళాడు" అని చెప్పడానికి ఎవరి అనుమతి కావాలి?

"సినిమా పాటలకి యాత్రలేమిటండీ, విడ్డూరం కాకపోతే!" అని మావారు. ఏం, రామేశ్వరం వెళ్ళొచ్చిన రాత్రి ఆయన వినేది ఎవరి పాట? పొద్దున లింగాష్టకం ఎవరి గొంతులో వింటారు? పెళ్ళిచూపుల్లో మనతో పాడించిందీ, జోలపాటకి బదులు మనం పాడుకున్నదీ, వంట చేస్తూ కూనిరాగం తీసేదీ సినిమా పాటే కదా. మన సంసారాలన్నీ పాటల మీద నడిచి, ఆ పాట పుట్టిన చోటు మాత్రం మర్యాదకి తక్కువైపోయిందా?

మూడో అభ్యంతరం కాస్త గట్టిది. "గైడుల్ని పెడితే కట్టుకథలు చెప్పి డబ్బు గుంజుతారు" అని. నిజమే, మా ఆటో కుర్రాడే సాక్షి. జనం ఎగబడితే వీధివాళ్ళకి చిరాకూ నిజమే. లివర్‌పూల్‌లో పెన్నీ లేన్ అనే వీధి పేరు పలకల్ని అభిమానులు ఎన్నిసార్లు ఎత్తుకుపోయారంటే, విసిగిపోయి పేరుని గోడ మీద రంగుతో రాసేశారు. అయితే దొంగ గైడుకి మందు గైడే లేకపోవడం కాదు, నిజం చెప్పే గైడు. పాలు విరుగుతాయని గేదెని అమ్ముకుంటామా?

నిజం చెప్పే గైడుకి మా నెల్లూరి తీరం పొడుగునా ఎంత సరుకుందో చూడండి. పొద్దున్నే తిప్పరాజువారి వీధిలో బయల్దేరండి. ట్రంకు రోడ్డు మీద రేబాలవారి పేరున్న పురమందిరం చూడండి. అక్కణ్ణించి దక్షిణంగా గూడూరు. అక్కడ పాటల పోటీలో ఈ కుర్రాడి పాట విని, సినిమాల్లో ప్రయత్నించమని ముందు చెప్పింది ఎవరనుకున్నారు? ఎస్. జానకిగారు. అక్కడ కూడా కథ తిప్పింది ఒక ఆడమనిషే! ఇంకా కిందికి వెళితే సూళ్ళూరుపేట. ఆ దగ్గర మంగళంపాడులో 1921లో పుట్టినవాడు ఆచార్య ఆత్రేయ. నెల్లూరు 'జమీన్ రైతు' పత్రికలో పనిచేసి, నాటకాలు రాసి, మద్రాసు వెళ్ళి మన మనసుల్ని పాటల్లో పెట్టాడు. 1978లో 'మరోచరిత్ర' పాటలకి ఊరంతా ఊగిపోయిందే, ఆ పాటల మాటలు సూళ్ళూరుపేట వైపువి, గొంతు నెల్లూరుది. ఒక్క జిల్లా నేల మీద నడిచినవాళ్ళిద్దరూ కలిసి చేసిన పని అది. ఆ సంగతి మన పిల్లల్లో ఎంతమందికి చెప్పాం?

ఆ పైన ఎడమచేతి వైపు పులికాట్ సరస్సు. ఆ సూళ్ళూరుపేటలోనే ఫ్లెమింగోల పండగ చేస్తారు. ఎక్కణ్ణించో ఎగిరొచ్చే పిట్టలకి పందిళ్ళు, బస్సులు, దుర్భిణీలు, దగ్గరుండి చూపించే మనుషులు. నాకు పిట్టల మీద ఈర్ష్య లేదు. వాటికీ చేయాల్సిందే. కానీ రెక్కలున్న అతిథులకి చేసిన మర్యాదలో పాతిక వంతు, ఇక్కడి నేల మీద కూసిన కోయిలలకి చెయ్యకూడదా?

తడ దాటితే మద్రాసు దారి. ఎస్.పి. కోదండపాణి ఆ కుర్రాడి చేత మొదటి సినిమా పాట పాడించింది మద్రాసులోనే, 1966 డిసెంబరు 15న. గురువు రుణం మర్చిపోక, తర్వాత తన రికార్డింగు థియేటరుకి బాలు ఆ పేరే పెట్టుకున్నాడు. రాక్ బృందం కథే కావాలంటే అదీ ఉంది. పేరు రాకముందు బాలు నడిపిన పాటకచేరి బృందంలో గిటారూ హార్మోనియం పట్టుకున్నవాడు ఇళయరాజా. ఆయన తమ్ముడు గంగై అమరన్, అన్న భాస్కర్ కూడా అందులోవాళ్ళే. లివర్‌పూల్ నలుగురికి మనవాళ్ళు ఏం తీసిపోయారు? సాయంత్రానికి రెడ్ హిల్స్ అవతల తామరైపాక్కం. అక్కడ తన తోటలోనే ఆయన పడుకున్నాడు. ఒక్క పగటి ప్రయాణంలో ఒక జీవితమంతా చూడొచ్చు. ఇంత చక్కగా దారి పరుచుకుని ఉంటే, చూపించేవాళ్ళు లేరు.

చూపించేవాళ్ళెవరని అడుగుతారేమో. మనమే! డిగ్రీ చదివి, పాట మొదటి అక్షరం వినగానే సినిమా పేరు, సంవత్సరం, రాసినవారి పేరు చెప్పగలిగి, "పిల్లలు స్కూలుకెళ్ళాక పొద్దుపోవడం లేదు" అనే ఆడవాళ్ళు నెల్లూరులో వీధికి పదిమంది ఉన్నారు. సంగీత పాఠశాలలోనే నెల రోజులు కూర్చోబెట్టి, తేదీలు సరిగ్గా నేర్పి, ఊరి పటం ఒకటి చేతికిస్తే వీళ్ళకంటే మంచి గైడులెవరు? "గైడు పనా, ఛీ, నలుగురూ ఏమనుకుంటారు" అంటారా? లివర్‌పూల్‌లో నన్ను తిప్పిన ఆవిడ ఆ మాట అనుకుని ఉంటే నాకు మేరీ తెలిసేది కాదు, జూలియా తెలిసేది కాదు. మగవాళ్ళు రాసిన చరిత్రలో పతకాల లెక్క ఉంటుంది. వసారాలోకి తరిమిన పెద్దమ్మ ఉండదు. హరికథకుడు ఊళ్ళు తిరుగుతుంటే, వచ్చిన సంభావన లెక్కపెట్టుకుని ఇల్లు నెట్టుకొచ్చే ఇల్లాలి తంటాలు ఉండవు. అవి ఆడవాళ్ళకే తెలుసు, ఆడవాళ్ళే అడగాలి, ఆడవాళ్ళే చెప్పాలి.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ఆ చోట్లన్నిటి దగ్గరా తేదీలు తప్పులేకుండా తెలుగులో ఒక్కొక్క పలక. రైలు స్టేషన్లో, బస్‌స్టాండులో ఒక పటం. నేర్చుకున్న పదిమంది ఆడవాళ్ళు. అంతకంటే ముందు, ఖర్చే లేని పని ఒకటి ఉంది. మీ ఇంట్లో అత్తగారో అమ్మమ్మో ఉంటే, ఇవాళ సాయంత్రమే సెల్‌ఫోను ఆన్ చేసి పక్కన పెట్టి, "మీ రోజుల్లో హరికథ ఎలా ఉండేది, ఏ పాట ఎక్కడ విన్నావు" అని అడగండి. మళ్ళీ అడుగుదాంలే అనుకోకండి. నేను అనుకున్నాను. నాకు సిమెంటు బస్తాలు మిగిలాయి.

మా ఊళ్ళో మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన, స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ చేస్తాం. మతం అడక్కుండా ఆడవాళ్ళందరం నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకుంటాం. ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, సొంతింటి రొట్టె. కోరిక తీరినవాళ్ళు మరుసటేడు వచ్చి ఆ రొట్టె ఇంకొకరికిస్తారు. మా అమ్మాయి కోసం నేను పట్టిన సంతానం రొట్టె బాకీ తీర్చాల్సి ఉంది. అది తీర్చేసి, ఆ నీళ్ళలోనే నిలబడి కొత్త రొట్టె ఒకటి అడుగుతాను. ఇంతవరకూ ఎవరూ పట్టని రొట్టె: 'దారి చూపే రొట్టె'. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే తెచ్చివ్వండి. లేకపోతే వచ్చి నాతోపాటు అడగండి.